మెట్ల కింద వర్క్‌షాపు: ఈ వేసవిలో ఇంటి రిపేర్లతో పిల్లలకు పాఠాలు



ఎండలు ముదురుతున్నాయి. అటక మీద ఉన్న కూలర్లు కిందికి దిగుతున్నాయి. పరీక్షలు అయిపోగానే పిల్లల్ని ఏ సమ్మర్ క్యాంపులో చేర్పించాలని చాలామంది మమ్మల్ని అడుగుతుంటారు. క్యాంపులు మంచివే. అయితే ఫీజు లేని క్యాంపు ఒకటి మీ ఇంట్లోనే ఉంది. కారే నల్లా, గాలి దిగిన సైకిల్, నెమ్మదిగా తిరిగే ఫ్యాన్, ఊగే కుర్చీ. వీటిలో ప్రతి ఒక్కటీ సైన్స్ పుస్తకంలో ఏదో ఒక పాఠానికి బొమ్మలాంటిదే. ఈ నెల ‘ఇంటి పాఠం’ దాని గురించే.

ఇంటి వర్క్‌షాపు అనగానే విదేశీ సినిమాల్లో కనిపించే కారు గ్యారేజీ, గోడకు వరుసగా వేలాడే స్పానర్లు గుర్తుకొస్తాయి. గద్వాలలోనో, వనపర్తిలోనో, నాగర్‌కర్నూల్‌లోనో మన ఇళ్లలో అంత చోటు ఎక్కడ దొరుకుతుంది? అవసరం కూడా లేదు. మెట్ల కింద, పోర్టికోలో స్కూటీ పక్కన, వెనక వరండాలో నాలుగడుగుల చోటు ఉంటే చాలు. నిజానికి ఇల్లే పనిచోటు కావడం మన ప్రాంతానికి కొత్త కాదు. గద్వాల చీర నేసే ఇళ్లలో మగ్గం ఇంటి మధ్యలోనే ఉంటుంది. నూలు చీరకు పట్టు అంచు కలిపే ఆ నేత ఎంత సున్నితమో అంచు తిప్పి చూస్తే తెలుస్తుంది. పడుగులో దారం తెగితే ముడి వేసుకోవడం, నాడె నున్నగా జారేలా చూసుకోవడం, మగ్గం బిగువు సరిచేసుకోవడం అన్నీ ఇంటివాళ్ల పనే. మగ్గం మొరాయించిన ప్రతిసారీ బయటి నుంచి మనిషి వచ్చేదాకా నేత ఆగదు.

చేతిపని ఎందుకు నేర్పాలి?

‘మా వాడు ఐఐటీకి ప్రిపేర్ అవ్వాలి, స్క్రూడ్రైవర్ పట్టుకుని ఏం చేస్తాడు?’ అని అనుకునే తల్లిదండ్రులు ఉంటారు. ఆ ప్రశ్నను మేం తేలిగ్గా తీసుకోం. మీరు కష్టపడి ఫీజు కడుతున్నది పిల్లలు బాగా చదువుకోవాలనే. కానీ ఒక్క విషయం గమనించండి. ‘ఘర్షణను తగ్గించే పద్ధతులు రాయుము’ అంటే గడగడా రాసే విద్యార్థి, తన సైకిల్ చైను కిర్రుమంటుంటే నూనె వేయాలని అనుకోకపోతే ఆ పాఠం సగమే వచ్చినట్టు. ప్రశ్న కాస్త మార్చి ఇస్తే తడబడేది కూడా అక్కడే.

ఈ ఆలోచన ఇవాళ్టిది కాదు. 1937లో వార్ధా సమావేశంలో గాంధీజీ ‘నయీ తాలీమ్’ పేరుతో చేతిపని ద్వారా చదువును ప్రతిపాదించారు. జాతీయ విద్యావిధానం 2020 కూడా 6 నుంచి 8 తరగతుల పిల్లలకు 10 రోజుల ‘బ్యాగ్‌లెస్’ కాలాన్ని సూచించింది. ఆ రోజుల్లో పిల్లలు స్థానిక వడ్రంగులు, కుమ్మరులు, తోటపనివారు, కళాకారుల వంటివారి దగ్గర పని చూసి నేర్చుకోవాలని చెప్పింది.

మన రాష్ట్రంలోనే ఉన్న ఒక ఉదాహరణ పిల్లలకు చెప్పండి. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు పోచంపల్లి చీరల నేత కుటుంబంలో పుట్టారు. చీరకు ముందు ‘ఆసు’ పోయాలి. అంటే కొయ్యల చుట్టూ దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకు సుమారు 9 వేల సార్లు చెయ్యి అలా తిరగాలి. అమ్మ లక్ష్మి గారి భుజం నొప్పి చూసి ఆయన యంత్రం తయారుచేయడానికి పూనుకున్నారు. 1992లో మొదలుపెట్టి, ఒక్కో కదలికను విడివిడిగా సాధించుకుంటూ 1999లో పూర్తిచేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయనకు పెద్ద చదువులు లేవు. ఉన్నది ఒక ఇబ్బందిని దగ్గరగా చూసే అలవాటు, విప్పి చూసే ధైర్యం, ఏడేళ్ల ఓపిక. మన పిల్లలకు చదువు కూడా ఉంది. మిగతా మూడూ ఇంట్లో అలవాటు చేయవచ్చు.

ముందుగా మూడు రంగులు

పని మొదలుపెట్టే ముందు ఒక చార్టు మీద మూడు రంగులు వేసి గోడకు అంటించండి. ఇది ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం. దయచేసి దాటవేయకండి.

ఆకుపచ్చ: పిల్లలు సొంతంగా చేయగలవి. సైకిల్ తుడవడం, చైనుకు నూనె వేయడం, బ్యాగు జిప్పు సరిచేయడం, చిరిగిన పుస్తకానికి అట్ట వేయడం.

పసుపు: పెద్దవాళ్లు పక్కనుంటేనే చేయాల్సినవి. నల్లా వాషర్ మార్చడం, పంక్చర్ వేయడం, రంపం లేదా సుత్తెతో పని, ప్లగ్ తీసేసి ఉన్న ఫ్యాన్‌నో కూలర్‌నో శుభ్రం చేయడం.

ఎరుపు: పిల్లలు అసలు ముట్టుకోకూడనివి. స్విచ్‌బోర్డు లోపలి వైర్లు, బోరు మోటారు స్టార్టర్, ఇన్వర్టర్ బ్యాటరీ, మైక్రోవేవ్, గ్యాస్ సిలిండర్, ఉబ్బిన ఫోన్ బ్యాటరీ. వీటికి తెలిసిన పనివాళ్లనే పిలవాలి. ‘ఎందుకు ముట్టుకోకూడదు’ అన్నది కూడా చెప్పండి. ఇన్వర్టర్ బ్యాటరీలో సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటుంది, ఛార్జింగ్ సమయంలో మండే స్వభావం గల హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. మైక్రోవేవ్‌లోని కెపాసిటర్ ప్లగ్ తీసేశాక కూడా ప్రాణాంతకమైన విద్యుత్తును నిల్వ ఉంచుకోగలదు. కారణం తెలిసిన పిల్లలు మన కళ్లముందు లేనప్పుడు కూడా జాగ్రత్తగా ఉంటారు.

పెట్టెలో ఏముండాలి?

పెద్ద ఖర్చు వద్దు. ఫ్లాట్, స్టార్ స్క్రూడ్రైవర్లు చెరొకటి, కటింగ్ ప్లయర్, రెండు మూడు స్పానర్లు, చిన్న సుత్తె, కొలిచే టేపు, గరుకు కాగితం, టెఫ్లాన్ టేపు, కుట్టుమిషన్ నూనె, ఫెవికాల్, పాత గుడ్డలు. విప్పిన స్క్రూలు పోకుండా ఒక స్టీలు గిన్నె. పని అయ్యాక ప్రతి వస్తువూ తిరిగి పెట్టెలోకి చేరాలి. పనిముట్లు సర్దడం కూడా పనిలో భాగమేనని మొదటి రోజే తేల్చిచెప్పండి. కాళ్లకు చెప్పులు తప్పనిసరి. చున్నీ, వదులు చేతులు, జడ వెనక్కి కట్టుకోవాలి.

పని 1: కారే నల్లా (పసుపు)

విప్పడానికి ముందు కొలవమనండి. నల్లా కింద ఒక గ్లాసు పెట్టి నిమిషానికి ఎన్ని చుక్కలు పడుతున్నాయో లెక్కపెట్టాలి. సెకనుకు ఒక చుక్క అనుకుందాం. రోజుకు 86,400 చుక్కలు. సుమారు 20 చుక్కలు ఒక మిల్లీలీటరు అవుతాయి. అంటే రోజుకు 4 లీటర్లకు పైగా, ఏడాదికి 1,500 లీటర్లకు పైగా నీళ్లు పోతున్నట్టు. మీ నల్లా లెక్క ఎంతో పిల్లలే కట్టాలి. ఈ లెక్క అయ్యాక నల్లా బాగుచేద్దామని వాళ్లే అడుగుతారు.

పద్ధతి ఇది. ముందు ట్యాంకు నుంచి వచ్చే వాల్వు కట్టేయాలి. నల్లా తిప్పి పైపులో మిగిలిన నీళ్లు వదిలేయాలి. పాతరకం నల్లా అయితే పైభాగాన్ని స్పానర్‌తో విప్పితే లోపల అరిగిన వాషర్ కనిపిస్తుంది. దాన్ని షాపుకు తీసుకెళ్లి అదే సైజు కొత్తది తెచ్చి వేస్తే సరిపోతుంది. సగం తిప్పితే తెరుచుకునే కొత్తరకం నల్లాల్లో వాషర్‌కు బదులు కార్ట్రిడ్జి ఉంటుంది. దాన్ని మొత్తంగా మార్చాలి. పైపుకు నల్లా కలిసేచోట కారుతుంటే నల్లా విప్పి, మరల మీద టెఫ్లాన్ టేపు చుట్టాలి. మర బిగుసుకునే వైపే టేపు చుట్టాలి. ఎదురు చుడితే బిగించేటప్పుడు ఊడివస్తుంది. అలా ఎందుకవుతుందో పిల్లల్ని ఊహించమనండి.

బోరు నీళ్లు వాడే ఇళ్లలో నల్లా మూతికి తెల్లటి పొర పేరుకుంటుంది. అది ఎక్కువగా కాల్షియం కార్బొనేట్. నిమ్మరసంలో ముంచిన గుడ్డను దానికి చుట్టి అరగంట ఉంచండి. బుడగలు వస్తాయి. ఆమ్లం, కార్బొనేట్ కలిస్తే కార్బన్ డయాక్సైడ్ వస్తుందన్న 10వ తరగతి పాఠం బాత్‌రూమ్‌లోనే కనిపిస్తుంది.

పని 2: సైకిల్ (ఆకుపచ్చ, పసుపు)

చైనును పాత బ్రష్‌తో శుభ్రం చేసి, పెడల్ వెనక్కి తిప్పుతూ ఒక్కో లింకుకు ఒక్కో చుక్క నూనె వేయాలి. ఎక్కువైన నూనె గుడ్డతో తుడిచేయాలి. లేదంటే మన ఎర్రమట్టి దుమ్మంతా దానికి పట్టి గరుకు కాగితంలా చైనును అరగదీస్తుంది. బ్రేకు రబ్బరుకు, రిమ్ముకు మాత్రం నూనె తగలనివ్వకూడదు. చైను దగ్గర ఘర్షణ తగ్గాలి, బ్రేకు దగ్గర పెరగాలి. ఒకే సైకిల్‌లో ఘర్షణ ఒకచోట శత్రువు, ఇంకోచోట ప్రాణం కాపాడే స్నేహితుడు. 8వ తరగతి పాఠం మొత్తం ఇందులోనే ఉంది.

పంక్చర్ అయితే ట్యూబు బయటికి తీసి, గాలి కొట్టి, నీళ్ల టబ్బులో ముంచి బుడగలు వచ్చేచోటు గుర్తుపెట్టాలి. తడి ఆరాక అక్కడ గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పలచగా పూయాలి. చాలామంది ఇక్కడే తొందరపడతారు. సొల్యూషన్ తడిగా ఉండగానే ప్యాచ్ పెడితే సరిగ్గా అంటుకోదు. వేలు తాకితే జిగురుగా, కానీ అంటకుండా ఉండేదాకా ఆగి, అప్పుడు గట్టిగా నొక్కాలి. ట్యూబు తిరిగి పెట్టేముందు టైరు లోపల చేయి జాగ్రత్తగా పోనిచ్చి తుమ్మముల్లు ఇంకా ఉందేమో చూడాలి. ముల్లు తీయకుండా ప్యాచ్ వేస్తే రేపు మళ్లీ అదే పని.

పని 3: ఊగే కుర్చీ, ఊడిన జిప్పు (ఆకుపచ్చ)

చెక్క కుర్చీలో స్క్రూ బిగించినా తిరుగుతూనే ఉంటే రంధ్రం పెద్దదైందని అర్థం. మందు తీసేసిన అగ్గిపుల్లలను ఫెవికాల్‌లో ముంచి రంధ్రంలో దూర్చి, ఒక రాత్రి ఆరనిచ్చి, అప్పుడు స్క్రూ బిగించాలి. స్క్రూకు పట్టుకోవడానికి మళ్లీ చెక్క దొరుకుతుంది.

స్కూలు బ్యాగు జిప్పు బిగుసుకుపోతే పెన్సిల్ మొనను పళ్ల మీద రుద్దండి. పెన్సిల్‌లో ఉండే గ్రాఫైట్ పొరలు పొరలుగా జారే పదార్థం, అందుకే జిప్పు కదులుతుంది. జిప్పు లాగినా వెనకాల తెరుచుకుంటుంటే జారుడు ముక్క వదులైందన్నమాట. ప్లయర్‌తో దాని రెండు అంచులను కొద్దిగా నొక్కితే చాలాసార్లు బాగవుతుంది. గట్టిగా నొక్కితే విరుగుతుంది. ఎంత బలం వాడాలన్నది ఏ పుస్తకంలోనూ ఉండదు, చేతికే తెలియాలి.

పని 4: ఫ్యాన్, కూలర్ (పిల్లలు గమనించాలి, పెద్దవాళ్లు చేయాలి)

ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతోంది. కారణమేమిటి? ఇది డాక్టరు పరీక్ష లాంటిది. మెయిన్ ఆపేసి, పెద్దవాళ్లు రెక్కను చేత్తో తిప్పి చూడాలి. బిగుసుగా తిరిగినా, గరగరలాడినా బేరింగు మీద అనుమానం. తేలికగా తిరుగుతూ కరెంటు ఇచ్చినప్పుడు మాత్రమే నీరసంగా ఉంటే కెపాసిటర్ మీద అనుమానం. మామూలు సీలింగ్ ఫ్యాన్‌లో ఎక్కువగా 2.5 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంటుంది. అది పాతబడి శక్తి తగ్గితే ఫ్యాన్ తిరిగే బలం కూడా తగ్గుతుంది. మార్చే పని ఎలక్ట్రీషియన్‌ది. కానీ ‘అన్నా, రెక్క తేలిగ్గానే తిరుగుతోంది, కెపాసిటర్ ఒకసారి చూడండి’ అని మీ అమ్మాయి చెప్పగలిగితే, ఆమెకు కారణాలు విడదీసి చూసే శాస్త్రీయ పద్ధతి వచ్చినట్టే.

కరెంటు బిల్లు లెక్క కూడా వేయించండి. 75 వాట్ల ఫ్యాన్ రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు దాదాపు 34 యూనిట్లు. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు 13.5 యూనిట్లు. మీ ఇంట్లో ఎన్ని ఫ్యాన్లున్నాయో దాంతో గుణించమనండి.

ఆ కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పడానికి మనకు దూరం పోనక్కర్లేదు. గద్వాల దగ్గర జూరాలలో కృష్ణా నీళ్లు టర్బైన్లను తిప్పితే కరెంటు పుడుతుంది. అక్కడ 39 మెగావాట్ల యూనిట్లు ఆరు, మొత్తం 234 మెగావాట్లు. నాగర్‌కర్నూల్ జిల్లా ఎల్లూరు దగ్గర కల్వకుర్తి ఎత్తిపోతల పంపుల్లో దీనికి సరిగ్గా వ్యతిరేకం జరుగుతుంది. కరెంటు మోటారును తిప్పితే నీళ్లు పైకెక్కుతాయి. మీ హాల్లో ఫ్యాన్ ఆ పంపు మోటారుకు చిన్న చెల్లెలు. 10వ తరగతి విద్యుదయస్కాంతత్వం పాఠం చదివే పిల్లలను ఒకసారి జూరాల చూపించండి.

ఇక కూలర్. ఇక్కడ తమాషా లేదు. ఇనుప బాడీ, లోపల నీళ్లు, తడి నేల, చెప్పులు లేని కాళ్లు. లోపల ఒక వైరు ఇన్సులేషన్ పోయి బాడీకి తగిలితే చాలు. ప్రతి వేసవిలోనూ మన రాష్ట్రంలో కూలర్ షాకు మరణాల వార్తలు చదువుతూనే ఉన్నాం. కింది అయిదు నియమాలను ఇంటిల్లిపాదీ పాటించాలి.

1. నీళ్లు పోసేముందు, తుడిచేముందు స్విచ్ ఆపడంతో ఆగకుండా ప్లగ్ కూడా తీయాలి.
2. మూడు పిన్నుల ప్లగ్‌నే వాడాలి. పెద్ద పిన్ను ఎర్తింగ్‌ది. మిగతా రెండింటికంటే ముందే అది తగలాలని పొడవుగా చేస్తారు. దాన్ని విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్‌లో పెట్టడం ప్రాణాలతో ఆడుకోవడమే.
3. కూలర్‌ను ఈ ఏడాది మొదటిసారి వాడే ముందు వైర్లను, ఇంటి ఎర్తింగ్‌ను ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి.
4. మెయిన్ బోర్డులో 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకోవాలి. కరెంటు దారితప్పి నేలలోకి పోతుంటే అది క్షణంలో సరఫరా ఆపేస్తుంది. మామూలు ఎంసీబీ ఈ పని చేయదు.
5. ఎవరికైనా షాకు తగిలితే వారిని ముట్టుకోకూడదు. ముందు మెయిన్ ఆపాలి. అది వీలుకాకపోతే పొడి కర్రతో వైరును తప్పించాలి. వెంటనే 108కి ఫోన్ చేయాలి. వీధిలో వైరు తెగిపడితే దగ్గరికి పోకుండా 1912కి చెప్పాలి.

ఇంట్లో మెయిన్ ఎక్కడుందో, ఎలా ఆపాలో తెలిసిన పిల్లలు ఎంతమంది? ఇవాళే చూపించండి. ఈ పాఠంలో మీరు ఒక్కటే చేయగలిగితే ఇదే చేయండి.

మెకానిక్ దగ్గరికి పిల్లలను తీసుకెళ్లండి

ఇంట్లో కాని పనికి పాతబస్టాండు దగ్గరి మెకానిక్ దగ్గరికో, మోటార్ వైండింగ్ షాపుకో వెళ్లినప్పుడు పిల్లలను వెంట తీసుకెళ్లండి. ఫోను ఇచ్చి బెంచీ మీద కూర్చోబెట్టకండి. పని ఆగకుండా, మర్యాదగా మూడు ప్రశ్నలు అడగమనండి. ‘అన్నా, ఏం పాడైంది? ఎందుకు పాడైంది? మళ్లీ పాడవకుండా మేం ఏం చేయాలి?’ మూడో ప్రశ్నకు వచ్చే జవాబు డబ్బు మిగులుస్తుంది. అంతకంటే పెద్ద లాభం ఇంకొకటి ఉంది. నూనె మరకల చొక్కా వేసుకున్న మనిషికి తమకంటే ఎక్కువ తెలుసని పిల్లలు గ్రహిస్తారు. ‘చదువుకోకపోతే మెకానిక్ అవుతావు’ అని మనం కోపంలో అనే మాట ఎంత తప్పో కూడా వాళ్లకు అర్థమవుతుంది. వనపర్తి రాజుల ప్యాలెస్ పాలిటెక్నిక్ కాలేజీగా మారిన ఊళ్లో ఉంటూ చేతిపనిని చిన్నచూపు చూడటం మనకు తగదు.

ఎప్పుడు వద్దనుకోవాలి?

ప్రతి వస్తువునూ బాగుచేయాల్సిందేనని కాదు. రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే, లేదా బాగుచేశాక కూడా ప్రమాదం మిగిలితే వదిలేయడమే మంచిది. కాలిపోయిన ప్లగ్‌కు, పగిలిన వైరుకు టేపు చుట్టి మళ్లీ వాడటం పొదుపు అనిపించుకోదు. పాత ఎలక్ట్రానిక్ వస్తువులను చెత్తలో వేయకుండా ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి ఇవ్వాలి. ఏదైనా కొనేముందు విడిభాగాలు, సర్వీసు దొరుకుతాయో లేదో తెలుసుకోవాలి. ఇందుకోసమే కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ ప్రారంభించింది. 2009లో నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలైన ‘రిపేర్ కెఫే’లలో ఇరుగుపొరుగు వాళ్లంతా కలిసి కూర్చుని పాత వస్తువులు బాగుచేసుకుంటారు. మన వీధిలో ఒక ఆదివారం పిల్లల సైకిళ్లతో అలాంటిది మొదలుపెట్టడం కష్టమేమీ కాదు.

తరగతిని బట్టి ఏం నేర్పవచ్చు?

3 నుంచి 5 తరగతులు: పనిముట్ల పేర్లు, స్క్రూ ఏ వైపు తిప్పితే బిగుస్తుంది, సెంటీమీటర్లలో కొలవడం, పుస్తకాలకు అట్టలు, మెయిన్ స్విచ్ ఎక్కడుంది.

6 నుంచి 8 తరగతులు: సైకిల్ సంరక్షణ, జిప్పు, కుర్చీ, పెద్దల సమక్షంలో పంక్చర్, నల్లా చుక్కల లెక్క.

9, 10 తరగతులు: నల్లా విప్పి బిగించడం, కరెంటు బిల్లు విశ్లేషణ, ఫ్యాన్ లోపం గుర్తించడం, ఇంటికి భద్రతా తనిఖీ పట్టిక తయారుచేయడం.

అబ్బాయిలకు సుత్తె, అమ్మాయిలకు సూది అని పంచకండి. ఇద్దరికీ రెండూ రావాలి.

రిపేరు నోట్‌బుక్

ఒక 100 పేజీల నోట్‌బుక్ ఇవ్వండి. ప్రతి పనికి ఒక పేజీ. వస్తువు ఏమిటి, ఏం పాడైంది, కారణం ఏమనుకున్నాం, నిజంగా ఏం తేలింది, ఎంత ఖర్చయింది, ఏ పాఠంతో సంబంధం ఉంది. పక్కన చేత్తో గీసిన బొమ్మ. పని కుదరకపోయినా పేజీ రాయాలి. ‘అనుకున్నది ఒకటి, తేలింది ఇంకొకటి’ అని నిజాయితీగా రాసిన పేజీకి మా టీచర్లు ఎక్కువ విలువ ఇస్తారు. సెలవుల తర్వాత ఆ నోట్‌బుక్‌ను సైన్స్ టీచర్‌కు చూపించమనండి. ప్రాజెక్టు పనులకు అందులోంచే అంశాలు దొరుకుతాయి.

చివరిగా మీకొక విన్నపం. పిల్లలు చేస్తే ఆలస్యమవుతుంది. మీరు పది నిమిషాల్లో చేసే పనికి వాళ్లకు గంట పడుతుంది. స్క్రూలు పోతాయి, నూనె ఒలుకుతుంది, మొదటి ప్యాచ్ ఊడిపోవచ్చు. చేతిలోంచి స్పానర్ లాక్కుని ‘నువ్వు జరుగు, నేను చేస్తా’ అనాలనిపిస్తుంది. ఆ ఒక్క మాట ఆపుకోండి. ప్రమాదం లేనంతవరకు పక్కన స్టూలు వేసుకుని కూర్చుని చూడండి. ఈ వేసవిలో మీ ఇంటి నల్లా ఒక్కటి మీ పిల్లల చేతుల మీదుగా కారడం ఆగితే, ఆ పాఠాన్ని వాళ్లు పరీక్ష అయిపోయాక కూడా మర్చిపోరు.